నాలుగో ముడి

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. అల్లుడు తాళాలు వెతుక్కుంటాడు, కూతురు ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంది, టేపమ్మ తన కుట్టుమిషను మీది ముసుగు తీసి దులుపుతుంది. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. నలభై ఏళ్లుగా మెళ్లో కొలత టేపు వేసుకునే తిరుగుతోంది కాబట్టి అందరికీ టేపమ్మే. నిద్రలో కూడా తియ్యదని అల్లుడంటాడు గానీ అది పచ్చి అబద్ధం. దిండు పక్కన పెట్టుకుంటుంది, అంతే.

ఆ రోజు మాత్రం మిషను మీద ముసుగు అలాగే ఉంది. టేపమ్మ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

“పొద్దున్నే ఎక్కడికమ్మా?” అంది కూతురు.

“గుట్ట దారికి. ఎనిమిదిన్నరకి బస్సుంది.”

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ కూతురు దాన్ని పైకెత్తలేదు.

గుట్ట దారంటే టేపమ్మ చిన్నప్పటి దారి. బస్సు దిగి, వాగు దాటి, ముళ్లపొదల మధ్యగా ఎక్కితే రెండు మైళ్లకి పైన చప్పటి బండ వస్తుంది. సెలవు దొరికితే చాలు, టేపమ్మా, ఆవిడ చెల్లెలు పొట్టీ అక్కడే ఉండేవారు. పొట్టి పుట్టినరోజున సెలవు ఉన్నా లేకపోయినా వెళ్లాల్సిందే. ఈ రోజు పొట్టి పుట్టినరోజు. అక్కాచెల్లెళ్లకి మాటల్లేక మూడేళ్లు.

“నీ మోకాలితో గుట్టలెక్కుతావా? ఆదివారం నేను తీసుకెళ్తాలే,” అంది కూతురు.

“ఆదివారం దాని పుట్టినరోజు కాదుగా.”

“అంత ప్రేముంటే ఫోన్ చెయ్యి మరి.”

“నేనెందుకు చేస్తానే? నేను కుట్టిన కోటు తిప్పి పంపింది అది. నేను వెళ్తోంది దారి కోసం, దాని కోసం కాదు.”

అల్లుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. ఇద్దరి మధ్యా మాట వేడెక్కడం చూసి నవ్వించబోయాడు. “నేను దింపుతానత్తయ్యా. మా కారుకి రెండు బ్రేకులుంటాయి, ఒకటి మీ కాలి కింద పెట్టుకోండి.”

“నువ్వు నేర్పినవాళ్లంతా రోడ్డు మీదే ఉంటారు నాయనా. బస్సే నయం.”

“వద్దంటే వద్దు!” అని అరిచింది కూతురు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి గొంతు అంత పైకి ఎప్పుడూ లేవలేదు.

టేపమ్మ మెల్లగా లేచి నిలబడింది. “మీ నాన్న పోయాక నేను మీ ఇంట్లో సామానైపోయానా, ఎక్కడ పెడితే అక్కడ పడుండటానికి? పొద్దున్న మీరు వెళ్తే సాయంత్రం దాకా నాతో మాట్లాడేది ఆ మిషనొక్కటే. ఒక్కరోజు నా కాళ్లు నన్నెటు తీసుకెళ్తే అటు వెళ్తానంటే అదీ తప్పేనా?”

కూతురు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసింది. టేపమ్మ ఆగలేదు.

బస్సు దిగింది ఆవిడ ఒక్కతే. ముప్పై ఏళ్లు దాటింది ఇక్కడికొచ్చి. పెళ్లిళ్లయ్యాక కూడా పొట్టి ఏటా అడిగేది, “ఈసారైనా వెళ్దామా అక్కా?” అని. “ఆర్డర్లున్నాయే” అనేది తను. అప్పుడు ఆర్డర్లు నిజంగానే ఉండేవి. ఇప్పుడు అందరూ కొట్లో కొనుక్కుంటున్నారు, తీరికకేమీ లోటు లేదు, తోడు రమ్మని అడిగే మనిషే లేదు.

వాగు సన్నబడిపోయింది. ఒకప్పుడు పదకొండు రాళ్ల మీద గెంతుతూ దాటేవారు. ముందు తను దాటి, వెనక్కి చెయ్యి చాపితే పొట్టి పట్టుకునేది. రాళ్లలో నాలుగే మిగిలాయి, పక్కన ఎవరో సిమెంటు పలక వేశారు. టేపమ్మ పలక మీదే జాగ్రత్తగా దాటింది. దాటాక చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది. ఎవరూ పట్టుకోలేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలిసినా సిగ్గుపడి, చెయ్యి కోటు జేబులో దాచుకుంది. ఇంత వయసొచ్చి ఏడుస్తానా అనుకుంది. ఏడ్చింది కూడా.

ఎక్కుతుంటే మోకాలు ప్రతి మలుపులోనూ కూతురి మాట గుర్తుచేసింది. పొదలు అవే, దారి మాత్రం అంత నిటారుగా ఉండేదని అప్పుడు ఎవరూ చెప్పలేదు. పైన బండ అలాగే ఉంది.

వాళ్లమ్మా దర్జీయే. పొట్టి పుట్టినరోజున పెద్దదాని చేతికి దారం ఇచ్చి, “దాన్ని కొలుచుకురా, కోటు కత్తిరించాలి” అనేది. ఈ బండ మీద పొట్టిని నిలబెట్టి తను కొలిచేది. అన్నీ దారం ఒకే కొస నుంచి కొలిచేవి: మొదటి ముడి భుజం, రెండోది చెయ్యి, మూడోది నడుము, నాలుగోది ఛాతీ. అలాంటివి రెండు దారాలు చేసేవారు. ఒకటి అమ్మకి. ఇంకోటి బండ సందులో దాచి, మరుసటి ఏడు తీసి, ఎంత పెరిగిందో చూసి నవ్వుకునేవారు. అమ్మ పోయాక కోటు కుట్టే వంతు టేపమ్మది. ఏటా కుట్టి పార్సిల్ పంపేది. “టేపుతో కొలవవా?” అని ఎవరైనా అడిగితే, “మా పొట్టి కొలత నా వేళ్లకే తెలుసు” అని గొప్పలు పోయేది.

సందులో పాత దారాలు ఎప్పుడో చివికిపోయి ఉంటాయని తెలుసు. అయినా వేళ్లు పెట్టింది. చల్లగా ఏదో తగిలింది. మూత బిగించిన మందుల సీసా. అందులో కొత్త దారాలు మూడు, ఒక్కోదానికి నాలుగేసి ముడులు, అవీ అమ్మ నేర్పిన రెండు మెలికల ముడులు.

టేపమ్మ మెళ్లోంచి టేపు తీసి బండ మీద పరిచింది. భుజం అదే. చెయ్యి అదే. నడుమూ అదే. నాలుగో ముడి మాత్రం మూడంగుళాలు తగ్గి ఇవతలికి జరిగింది. మూడు దారాల్లోనూ అంతే.

ఒళ్లు చిక్కితే నడుము ముడి కూడా జరగాలి. రొమ్ము ఆపరేషనై ఒక్క ఛాతీ కొలతే తగ్గిన ఆడవాళ్లు ఇద్దరు ఆవిడ దగ్గరికొచ్చారు ఇన్నేళ్లలో. తలుపులు మూసి, మాట్లాడకుండా కొలిచి, లైనింగు లోపల దూది మెత్త పెట్టి కుట్టి ఇచ్చింది వాళ్లకి. టేపమ్మ కూతురికి ఫోన్ చేసింది.

“పొట్టికి ఆపరేషనైందా?”

“నీకెవరు చెప్పారమ్మా?”

“అయిందా, లేదా?”

“నాన్న చనిపోయిన నెలలోనే, మూడేళ్ల కిందట. మా ఆస్పత్రిలోనే. కట్టు మార్చింది నేనే.” అంది కూతురు. “‘అక్క ఇప్పటికే దిగులుతో సగమైపోయింది, తను కాస్త కోలుకున్నాక నేనే చెప్తా’నంది పిన్ని. ఈలోగా నీ కోటొచ్చింది. తొడుక్కుంటే ఒకవైపు గుడ్డ ఖాళీగా వేలాడింది. సరిచేయించుకుందామనే పంపిందమ్మా. ఆ సాయంత్రం నీకు ఫోన్లో అంతా చెప్పాలనుకుంది. నువ్వే ముందు చేశావు.”

చేసింది. ఏమన్నదో కూడా గుర్తుంది. పార్సిల్ విప్పిన కోపంలో, ‘నా కుట్టులో లోపం లేదే, లోపం నీలోనే ఉంది’ అంది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినపడితే, చూశావా ఎంత పొగరో అని కూడా అనుకుంది.

“ఆ మాటయ్యాక నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది,” అంటోంది కూతురు. “ఏటా ఈ రోజు అక్కడికే వస్తుంది, పదకొండింటి బస్సుకి. అందుకే పొద్దున్న నిన్ను ఆపబోయాను. మళ్లీ ఇద్దరూ ఏమైనా అనుకుంటే నేను తట్టుకోలేను.”

“ఇప్పుడెలా ఉంది?”

“బాగుంది. పరీక్షలన్నీ బాగున్నాయి. అమ్మా, ఏడవకు.”

టేపమ్మ ఏడుస్తూనే కూర్చుంది. మూడేళ్లు చెల్లెలు ఒంటరిగా ఈ గుట్టెక్కి, తన కొలత తనే తీసుకుని, అక్క ఎప్పుడైనా వస్తుందేమోనని సీసాలో పెట్టి వెళ్లింది. తను మాత్రం మిషను ముందు కూర్చుని, తప్పెవరిదో లెక్కలేసుకుంటూ గడిపింది.

పన్నెండవుతుండగా పొదల మధ్య పొట్టి తల కనిపించింది. జుట్టు పొట్టిగా, తెల్లగా. ఒంటి మీద కొట్లో కొన్న కోటు, వదులుగా. అక్కని చూసి దారిలోనే నిలబడిపోయింది.

టేపమ్మ తనకి తెలిసిందే మాట్లాడింది. “ఆ కోటు భుజం చూడు, ఎలా జారిపోతోందో.”

“కొలవకుండా కుట్టారు మరి,” అంది పొట్టి. నవ్వలేదు.

“నా నాలుక తెగిపోనూ! పొట్టీ, ఆ రోజు నేనన్న మాట...”

“మూడేళ్లు రోజూ విన్నానక్కా ఆ మాట. అద్దం ముందుకెళ్తే చాలు.”

టేపమ్మ చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. పొట్టి లాక్కోలేదు. కాసేపటికి ఆ చేతులు తడిశాయి. అవి ఎవరి కన్నీళ్లో ఇద్దరికీ తెలియదు.

“కోటు విప్పు,” అంది టేపమ్మ చివరికి. “బండెక్కి నిలబడు.”

“ఈ వయసులోనా?”

“నీ వయసుతో నాకేం పని? కొలత కావాలి.”

పొట్టి బండెక్కి చేతులెత్తింది. టేపు వీపు చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. ఖాళీగా ఉన్న వైపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“గట్టిగా లాగకక్కా. ఇంకా సలుపుతుంది.”

టేపు కింద ఒక వేలు వదులుంచడం టేపమ్మ అలవాటు. ఈసారి రెండు వేళ్లుంచింది.

“ముప్పై మూడు,” అంది పైకి, చిన్నప్పుడు చెప్పినట్టే. పొట్టి జేబులోంచి మూడు ముడులున్న దారం తీసి నాలుగో ముడి వేసింది.