రాజుగారి చేవ్రాలున్న లకోటా

శ్వేతగిరి రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. మణిధర మహారాజును ధూమకుడనే మాంత్రికుడు నిండు కొలువులోనే శిలగా మార్చేశాడు. తీర్పు చెప్పే నాథుడు లేక ప్రజలు తల్లడిల్లారు.

తపాలా మోసే రంగయ్యకు కాలు విరిగిన నాటి నుంచి ఉత్తరాల సంచి అతని కూతురు చెంగల్వే మోసేది. అడవిదారిలో ఎదురైన ఒక మునికి ఆమె రాజ్యం గోడు చెప్పుకుంది.

"రాజు చేవ్రాలున్న లకోటాకు తపాలా బిళ్ళ అక్కర్లేదు కదా, అలా ఆయన స్వయంగా చేవ్రాలు చేసి, బిళ్ళ లేకుండా పంపిన పాత లకోటా ఒకటుంది. ధూమకుడు దాన్ని దొంగిలించి తన గుహలో దాచాడు. అది రాజు చేతిలో పెడితే శాపం తీరుతుంది. వేరేది పెట్టావో, శిల పొడైపోతుంది" అన్నాడు ముని.

"గుర్తుపట్టడం ఎలా స్వామీ?"

"రోజూ ఉత్తరాలు మోసేదానివి, నన్నడుగుతావేం తల్లీ?"

చెంగల్వ ముళ్ళడవి దాటి, మూడు వాగులు ఈది, నాలుగో నాటి మధ్యాహ్నానికి గుహ చేరింది. వాకిట్లో రెండు తలల పాము అడ్డగించింది.

"ఉత్తరం కోసం వచ్చాను, దారి వదులు" అందామె.

"నాకెవరూ ఇంతవరకు ఉత్తరం రాయలేదు" అంది పాము.

చెంగల్వ మోదుగాకు మీద ముల్లుతో రెండు తలల క్షేమమూ అడిగి రాసిచ్చింది. పాము ఆ ఆకు చదువుకుంటూ పక్కకు జరిగింది.

లోపల ధూమకుడు మూడు లకోటాలు ఆమె ముందు పడేశాడు. "ఒక్కటే తీసుకో. తప్పితే నువ్వూ రాయివే."

చెంగల్వ తొందరపడలేదు. మొదటిదాన్ని వెలుగుకు పట్టి చూసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయిగాని కలం అడుగడుక్కీ ఆగి సిరా ఊరింది. చూసి దింపినవాడి చేయి అది. రెండోదాని మీద వడిగా సాగినది రాజు చేయే. కానీ మూలన బిళ్ళంత మేర కాగితం తెల్లగా ఉంది, వేలికి జిగురు తగిలింది. ఎవరో బిళ్ళ ఊడబీకారు. మూడోది మాసి నలిగింది. చేవ్రాలు ఒక్క ఊపున సాగింది, మూలన జిగురు జాడ లేదు, వెనక ఏడు మజిలీల ముద్రలున్నాయి.

"ఇదే" అంది చెంగల్వ.

ధూమకుడు పొగై కరిగిపోయాడు.

లకోటా చేతిలో పెట్టగానే రాజు కళ్ళు తెరిచాడు. "అర్ధరాజ్యం ఇస్తాను, తీసుకో అమ్మా" అన్నాడు.

"అంత నేనేం చేసుకుంటాను ప్రభూ? బిళ్ళ కొనలేనివాళ్ళ ఉత్తరాలు మా సంచిలోకి రాకుండానే పోతున్నాయి. వాటి మీద తమరు చేవ్రాలు చేస్తే చాలు."

రాజు ఆమెను రాజ్యమంతటి తపాలాకు అధికారిణిని చేశాడు. ఆ మర్నాటి నుంచి కొలువు తీరేముందు ఒక కట్ట లకోటాలు ముందేసుకుని కూర్చునేవాడు. మణికట్టు నొప్పిపుట్టినా ఏనాడూ మానలేదు.