బొటనవేలి కొసన అందె

ఆ పొద్దున ఎలీసమ్మ లేస్తూనే చేసిన పని, గడప ముందు గుట్టపడ్డ చెప్పుల్ని చీపురుతో పక్కకి నెట్టడం. ఎన్ని జతలని! చిలకలూరిపేట నుంచి, అద్దంకి నుంచి మొదటి బస్సుకే దిగారు జనం. ఆరబోసిన మిరపకాయల మీదుగానే నడిచొచ్చేశారు మహానుభావులు. ఎవరి కన్నీళ్లు ఘాటుకో, ఎవరివి దుఃఖానికో దేవుడికే తెలియాలి.

ఎలీసమ్మ మొగుడు, బుర్రకథ దానయ్య పోయాడు. నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఆయన తంబుర మోగని ఊరు లేదు. తాళం వేసే గుల్ల ఉంగరం, ఆ ఇత్తడి అందెను ఆయన కుడిచేతి బొటనవేలికి పూర్తిగా తొడుక్కోకుండా కొసన నిలబెట్టి మోగించేవాడు. అదేదో గొప్ప స్టైలని మిగతా కథకులు కూడా కొసనే పెట్టుకోవడం మొదలెట్టారు. అంత పిచ్చి జనానికి.

ఆ పిచ్చితోనే ఇప్పుడు ఇల్లంతా నిండిపోయారు. వాకిట్లో ఎవరో టేప్ రికార్డర్ పెట్టి దానయ్య కథే వినిపిస్తున్నారు. చావిట్లో మనిషి చల్లగా పడున్నాడు, బయట ఆయన గొంతు ఖంగుమంటోంది. వంటింట్లో కూతురు జయకుమారి పొయ్యి ముందు కూర్చుని టీ కాస్తూనే ఉంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల. సొంత ఇంట్లో తండ్రి ముఖం చూసుకోవడానికి దారి దొరక్క అల్లాడిపోతోంది.

బాబాయి ప్రేమదాసు వంటింట్లోకి తొంగిచూశాడు. చర్చిలో పెద్ద, ఇంట్లో అంతకంటే పెద్ద.

"మూడింటికి పాస్టరుగారొస్తారు. ఈలోగా తంబుర, అందె అన్నయ్యతో పాటే పెట్టెలో పెట్టేస్తాం. జనమంతా అదే కోరుతున్నారు."

జయకుమారి చేతిలో గరిటె ఆగింది. "వద్దు బాబాయ్. అవి నాక్కావాలి."

"నీకెందుకే?"

"కథ చెప్తా. ఉగాదికి మంగళగిరిలో నాన్న ఒప్పుకున్న కథ ఉంది. బాషా మామయ్య నన్ను తీసుకెళ్తానన్నాడు."

గౌస్ బాషా దానయ్య పక్కన డక్కీ వాయిస్తూ వంత పాడినవాడు. నిన్నటి నుంచి శవం కాళ్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"మీ నాన్న బతికుండగా నిన్ను గొంతెత్తనిచ్చాడా? పోయిన మర్నాడే మొదలెడతావా?" ప్రేమదాసు గొంతు లేచింది. "సోమవారం నుంచి గుంటూరు గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీయడానికి నిన్ను పంపుతానని మాటిచ్చాను. అంతే."

దానయ్య గొంతెత్తనివ్వలేదన్న మాట నిజమే. కథలన్నీ ఆమె తలుపు చాటున, పెదాలు కదపకుండా నేర్చుకుంది.

"అమ్మా, నువ్వన్నా చెప్పవే!"

ఎలీసమ్మ తలెత్తలేదు. గ్లాసుల్లో టీ పోస్తూ, "పెట్టనీ. మట్టిలో పోతే పీడా పోద్ది" అంది.

జయకుమారికి ఒళ్లు మండిపోయింది. చావిట్లోకి పరిగెత్తబోయింది. రెండడుగులు వేసిందో లేదో ఒక ముసలమ్మ వాటేసుకుంది. "ఏడవకమ్మా, నీకు మేమంతా లేమా!" ఆమెని విడిపించుకుంటే ఇంకొకామె. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమలో ఆమెకి ఊపిరాడలేదు.

అక్కడ తంబుర అప్పటికే పెట్టెలోకి చేరింది. అభిమాని ఒకడు అందెను దానయ్య బొటనవేలికి తొడగాలని తంటాలు పడుతున్నాడు. కణుపు దాటడం లేదు.

"వేలు వాచినట్టుంది. కాస్త సబ్బు నీళ్లు తెండయ్యా!"

"వాపూ లేదు, ఏమీ లేదు."

టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడింది ఎలీసమ్మ. పళ్లెం కింద పెట్టి, అందె లాక్కుని తన కుడి బొటనవేలికి తొడిగింది. అమరినట్టు కూర్చుంది.

"ఇది ఆయన కొలత కాదు, నాది. పట్టకే కొసన పెట్టుకున్నాడు. స్టైలంట, స్టైలు!"

ప్రేమదాసు తల దించుకున్నాడు. ఆయనకి తెలుసు.

"నిజమే," అన్నాడు గౌస్ బాషా నెమ్మదిగా. "సింగరాయకొండ వైపు మొదట్లో కథ చెప్పింది అక్కయ్యే. దానయ్యా, నేనూ చెరో పక్క వంత."

"నువ్వు పుట్టాక, ఇంటికొక గొంతు చాలన్నాడు మీ నాన్న," కూతురి వైపు తిరిగింది ఎలీసమ్మ. "చెడ్డోడు కాదే. ఏనాడూ పల్లెత్తు మాటనలేదు. పాడనివ్వలేదు, అంతే."

"మరి నాకెందుకు అడ్డం పడ్డావమ్మా?"

"నాకు లేనిది నీకెందుకని కడుపుమంట. కన్నతల్లికి ఉండకూడదు గానీ, ఉంది. ఇరవై ఏళ్లుగా ఉంది." ఎలీసమ్మ అక్కడే కూలబడి భోరుమంది. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

జయకుమారి తల్లి తలని గుండెకి అదుముకుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కాసేపటికి ఎలీసమ్మ కళ్లు తుడుచుకుని, అందె తీసి కూతురి వేలికి తొడిగింది. పెట్టెలోంచి తంబుర ఎత్తి జయకుమారి భుజానికి తగిలించింది.

"వదినా, జనం ఏమనుకుంటారు?"

"జనానిదేముంది, టీ తాగి బస్సెక్కుతారు. ఈ ఇంట్లో ఉండేది మేం. కావాలంటే ఆ తొడిమలు నువ్వెళ్లి తియ్యి ప్రేమదాసూ. ఒరేయ్, ఎవర్రా అక్కడ? ఆ టేపు ఆపండి!"

దానయ్య గొంతు టక్కున ఆగిపోయింది.

జయకుమారి తండ్రి ముఖాన్ని మొదటిసారి తృప్తిగా చూసుకుంది. అందె ఘల్లుమంది.

"అమ్మలారా అయ్యలారా, దండమండీ మీకూ..."

తర్వాత వంత అందుకోవాలి. గౌస్ బాషా డక్కీ మీద చెయ్యేశాడు గానీ ఏడుపుతో గొంతు పెగల్లేదు. జయకుమారి ఆగింది. చావిడంతా ఆగింది.

అప్పుడు ఆమె పక్క నుంచి, జీరబోయిన గొంతొకటి తడబడుతూ లేచింది.

"తందాన తానా..."

ఎలీసమ్మ నిలబడి ఉంది, కూతురికి కుడిపక్కన.