తాడుకి తగిలించిన గవ్వ

పడవ నీళ్ళ మీద ఆగినట్టు లేదు, గాలిలో వేలాడుతున్నట్టుంది. అంత తేటగా ఉన్నాయి నీళ్ళు. అడుగున పగడపు దిబ్బ మీద పడవ నీడ పరుచుకుంది. ఆ నీడలో పసుపు చేపలు దూరుతూ, బయటికొస్తూ ఆడుకుంటున్నాయి. చుట్టూ సున్నపురాయి దీవులు. కింద అలలు కొరికేసి, పైన అడవి గుబురుగా పెరిగి, పుట్టగొడుగుల్లా నిలబడ్డాయి. ఎవరో కలగంటూ మధ్యలో మెలకువ వచ్చి వదిలేసిన దీవుల్లా ఉంటాయవి ఎబిల్ కళ్ళకి.

"అమ్మాయ్, కలలు తర్వాత కందువుగాని, ముందా బెల్టు బిగించు," అన్నాడు ఎటిబెక్ మామ. నోట్లో వక్కా సున్నం ఎర్రగా పండాయి. పడవ ఆయనదే. చెవులు పాడైనప్పటి నుంచీ లోతు నీళ్ళలోకి దిగడు, పడవ నడుపుతాడంతే.

"దాని కలలో నేనున్నాను మామా, చెడగొట్టకు," అన్నాడు సబురో.

"నువ్వొస్తే దాన్ని కల అనరయ్యా. జ్వరం అంటారు," అంది ఎబిల్.

మామ నవ్వి సముద్రంలోకి ఎర్రగా ఉమ్మాడు. ఎబిల్, సబురో ఇద్దరూ ఈ దీవుల్లోని ఊరు కోరోర్‌లో ఈతగాళ్ళు. దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళకి సిలిండర్లు కట్టి, నీటి కింద దిబ్బలూ గుహలూ చూపించడం వాళ్ళ పని. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఊళ్ళో అందరికీ తెలుసు. పెళ్ళి మాత్రం కావడం లేదు.

కారణం ఇదిగో, పడవ ముందున్న ఈ గుహే. ఎబిల్ అన్న రెకెమెల్ ఈ గుహలోకి దిగి మళ్ళీ రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఊరి పెద్దలు గుహకి కట్టడి పెట్టారు, ఎవరూ దిగకూడదని. ఎబిల్ తల్లి మాత్రం ఇప్పటికీ రోజూ కొడుక్కి కంచం పెడుతుంది. చేపముక్కా, ఉడకబెట్టిన చేమదుంపా వడ్డించి, అవి చల్లారేదాకా అలా చూస్తూ కూర్చుంటుంది. "ముందు వాణ్ణి మట్టిలో పెట్టాలి. తర్వాతే నీ పెళ్ళి," అంటుంది. మట్టిలో పెట్టడానికి ఏం మిగిలిందని? వెంట్రుక కూడా లేదు.

ఇప్పుడు కట్టడి ఎత్తేశారు. మళ్ళీ మనుషుల్ని తీసుకెళ్ళాలంటే, లోపలంతా కుళ్ళిపోయి నోటి దగ్గర ముక్క మాత్రం మిగిలిన పాత తాడు తీసేసి కొత్త తాడు కట్టాలి. చీకట్లో ఆ తాడే దారి. ఒండ్రు లేచిందంటే టార్చిలైటు కూడా గుడ్డిదైపోతుంది. తాడు మీద చెయ్యి వేసుకుని రావాల్సిందే.

ఆ తాడుకో పద్ధతుంది. లోపలికి వెళ్ళేవాడు గుహ నోటి దగ్గర తాడుకి తన గవ్వ తగిలించి వెళ్ళాలి. ఒక్కొక్కరి గవ్వ మీద ఒక్కో రకం గంట్లు. బయటికొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. గవ్వ ఉందంటే మనిషి లోపలున్నట్టు. గవ్వ లేదంటే బయటికొచ్చినట్టు. గవ్వ ఉన్న తాడుని ఎవరూ విప్పరు, పడవ కదలదు. గవ్వ లేని తాడైతే ఎవరైనా చుట్టుకుపోవచ్చు.

రెకెమెల్ గవ్వ ఇంకా పాత తాడుకే ఉంది.

"వాడి గవ్వని కొత్త తాడుకి మార్చండి," అన్నాడు మామ. ఇప్పుడాయన నవ్వడం లేదు. "చేతిలో పెట్టుకుని తిరగొద్దు. ఇటు తీసి అటు తగిలించడమే. విన్నావా అమ్మాయ్?"

"విన్నాను మామా."

"త్వరగా రండి. పోటు నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. ఆలస్యమైతే కాలవలో పడవ ఇసకకి తగులుకుంటుంది."

గుహ నోరు నీళ్ళలోకి కొంచెం దిగితే చాలు, కనిపిస్తుంది. నల్లగా, అడ్డంగా, సగం తెరిచిన నోరులాగే ఉంటుంది. సబురో బయటి రాయికి కొత్త తాడు కట్టాడు. తన గవ్వ తగిలించాడు. ఎబిల్ తన గవ్వ తగిలించింది. సబురో ముందు వెళ్తుంటే, తను పాత తాడు దగ్గర ఆగింది.

అన్న గవ్వ పాచి పట్టి పచ్చగా ఉంది. దాన్ని తుడిచింది. గంట్లు వేలికి తగిలాయి. అమ్మ గుర్తొచ్చింది, చల్లారిపోయే ఆ కంచం గుర్తొచ్చింది. ఈ గవ్వని తెల్లటి గుడ్డలో చుట్టి మట్టిలో పెడితే... అమ్మ ఏడుస్తుంది. ఏడిచాక నిద్రపోతుంది. ఆ తర్వాత తను సబురో ఇంటికి వెళ్తుంది.

గవ్వ విప్పి, నడుం దగ్గర జేబులో వేసి జిప్పు లాగేసింది.

లోపలికి వెళ్ళేకొద్దీ వెనక నీలం వెలుగు చిన్నదైపోయింది. రూపాయి బిళ్ళంత... తర్వాత చుక్కంత... తర్వాత లేదు. టార్చిలైట్లు పడినచోట సున్నపురాయి తెల్లగా, తడిగా, ఎముకల్లా మెరుస్తోంది. సబురో తాడు వదులుతూ పోతున్నాడు. ఎబిల్ మలుపు మలుపుకీ రాతికి చుట్టి బిగిస్తోంది. అలా చాలా దూరం పోయాక తల పైన నీటి అద్దం కనిపించింది. ఇద్దరూ పైకి తేలారు.

అది గుహ కడుపులో గాలి నిలిచిన గది. కప్పు నుంచి సున్నపు కడ్డీలు వేలాడుతున్నాయి. తడి సున్నం వాసన, దాని కింద ఏదో పాత ఉప్పు వాసన. ఎక్కడో ఒక చుక్క పడుతోంది. టప్. చాలాసేపటికి మళ్ళీ టప్.

సబురో నోట్లోంచి గొట్టం తీశాడు. "పెళ్ళయ్యాక ఇక్కడే కాపురం పెడదామా? మీ అమ్మ రాదు."

"వస్తుంది. పులుసు గిన్నెతో సహా వస్తుంది." ఎబిల్ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "సబురో... నేను అన్న గవ్వ తీశాను. అమ్మకి ఇద్దామని."

సబురో టార్చి ఆమె నడుం జేబు మీదికి తిప్పాడు.

"కొత్త తాడుకి తగిలించలేదా?"

"లేదు."

"తీస్తే ఏమిటో నీకు తెలీదా, పిచ్చిదానా? వాడు బయటికొచ్చినట్టు."

"వస్తే మంచిదేగా," అంది ఎబిల్. అనేసి తనే ఉలిక్కిపడింది. ఆ మాట గోడలకి తగిలి కొంచెం ఆలస్యంగా వెనక్కొచ్చింది.

అప్పుడు వాళ్ళిద్దరి మధ్య నీళ్ళు కదిలాయి.

బుడగలు. అడుగు నుంచి గుప్పెడు బుడగలు పైకొచ్చి చిట్లాయి. ఆగాయి. మళ్ళీ గుప్పెడు. ఆగాయి... కింద ఎవరో నెమ్మదిగా ఊపిరి వదులుతున్నట్టు.

"మామ దిగాడేమో," అని గుసగుసలాడింది.

"మామ దిగలేడు."

సబురో టార్చి కిందికి తిప్పాడు. నీళ్ళు పాలలా తెల్లగా అయిపోయాయి. ఒండ్రు లేచింది. వాళ్ళు కదల్లేదు. అయినా లేచింది. బుడగలు ఎబిల్ కాళ్ళ దగ్గరికొచ్చాయి. ఆమె కాళ్ళు ముడుచుకుంది. బుడగలు ఆమె చుట్టూ తిరిగి, సబురో దగ్గరికి వెళ్ళి, అతని ఛాతీ ముందు ఆగాయి.

తర్వాత ఏమీ లేదు. చుక్క పడే చప్పుడు కూడా ఆగిపోయింది.

ఎంతసేపు అలా ఉన్నారో. పైన రాయి, పక్కన రాయి. కింద ఉన్నదేమిటో తెలీదు. బయటికి దారి మాత్రం ఆ కిందే. గదిలో గాలి బరువెక్కింది. ఎబిల్‌కి తల దిమ్మెక్కుతోంది.

"ఇక్కడే ఉంటే నిద్రలోనే పోతాం," అన్నాడు సబురో. "నువ్వు ముందు. తాడు వదలొద్దు. నీ చెయ్యి నేను పట్టుకుంటా. నేను వదిలితే ఆగు."

"వదలకు."

"వదల్ను."

మునిగారు. టార్చి వెలిగించినా అరచెయ్యి కనిపించడం లేదు. కుడిచెయ్యి తాడు మీద. కుడి జబ్బ మీద సబురో చెయ్యి. గట్టిగా, వెచ్చగా. ఒక మలుపు... రెండో మలుపు. మూడో మలుపు దగ్గర ఆ చెయ్యి సడలింది. ఎబిల్ ఆగింది.

చెయ్యి మళ్ళీ పట్టుకుంది. హమ్మయ్య.

కానీ చల్లగా ఉంది. బట్ట మీద నుంచి కూడా తెలుస్తోంది ఆ చలి. ముందుకి తోస్తోంది. ఎబిల్ ఆగమని ఆ వేళ్ళ మీద నొక్కింది. అది తోసింది. మళ్ళీ నొక్కింది. ఇంకా గట్టిగా తోసింది, చాలాకాలంగా ఎదురుచూసి ఇక ఓపిక లేనట్టు... సబురో భయపడ్డాడు, అంతే. సబురోనే. సబురోనే అనుకుంటూ ఈదింది.

నీలం వెలుగు కనిపించింది. జబ్బ మీద చెయ్యి జారిపోయింది.

గుహ నోటి దగ్గర వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. కొత్త తాడుకి ఆమె గవ్వ ఒక్కటే ఊగుతోంది. సబురో గవ్వ లేదు.

తన గవ్వ పీక్కుని పైకొచ్చింది. "మామా, సబురో..."

"అరవకే, చెవులు పాడైనోణ్ణి. వాడెప్పుడో వచ్చాడు."

పడవ ముందు భాగంలో తువ్వాలు కప్పుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు సబురో. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎబిల్ పడవెక్కి వెక్కి వెక్కి ఏడ్చింది. వీపు మీద నాలుగు గుద్దులు గుద్దింది.

"వదల్నన్నావు. ఎందుకొదిలావు?"

"నువ్వే వదిలావు," అన్నాడతను, తల తిప్పకుండా. "పక్క సందులోంచి వచ్చేశాను. ఇంటికి పోదాం పద. అమ్మ కంచం పెట్టుకుని కూర్చుని ఉంటుంది."

ఎబిల్ చేతులు ఆగిపోయాయి. సబురోకి తల్లి లేదు. అతను పాలు తాగే వయసులోనే పోయింది.

జేబు తడిమింది. జిప్పు వేసే ఉంది. తీసి చూసింది. లోపల నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఏం వెతుకుతున్నావ్?" అన్నాడతను.

ఆమె కళ్ళు కొండరాతి అంచున ఆగిపోయాయి. రాతి పగుళ్ళలోంచి బుడగలొస్తున్నాయి. గుప్పెడు... ఆగి... మళ్ళీ గుప్పెడు.

"మామా, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు."

"మీరు వదిలిన గాలేనే అది. రాతిలో ఇరుక్కుని మెల్లగా కారుతుంది. ఎప్పుడూ ఉండేదేగా." మామ మోటారు తాడు అందుకున్నాడు. "ఇద్దరు వెళ్ళారు, ఇద్దరూ వచ్చారు. గవ్వలు తీసేశారు. నీళ్ళు తీసేస్తున్నాయి, ఇక పోదాం."

నిజమే. మామ చెప్పింది నిజమే. గుహలో వదిలిన గాలి చాలాసేపు అలాగే కారుతుంది. కానీ మొదట గుప్పెడున్న బుడగలు ఇప్పుడు చిటికెడయ్యాయి. మధ్యలో ఆగడం ఎక్కువైంది. గాలి చివరికొచ్చినవాడు దాచుకుని దాచుకుని వదిలే ఊపిరి అలాగే ఉంటుందని ఎబిల్‌కి తెలుసు.

మిగిలిన సిలిండర్ ఒకటుంది. దానికి నోటి గొట్టాలు రెండు, ఒకటి తనకి, ఒకటి ఇంకొకరికి. భుజానికి తగిలించుకుంటుంటే మామ "ఏయ్, పిచ్చిపట్టిందా" అంటున్నాడు. ముందున్నవాడు ఏమీ అనలేదు. వద్దనలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. సబురో అయితే కాళ్ళు పట్టుకుని ఆపేవాడు.

దూకేసింది.

తాడు పట్టుకుని చీకట్లోకి పోయింది. ఒక మలుపు. రెండు. తెల్లటి ఒండ్రు కళ్ళ ముందు గోడలా ఉంది. మూడో మలుపు దగ్గర తాడు వదలకుండా రెండో చెయ్యి చాచి, రాళ్ళ మధ్య తడుముతూ పోయింది. రాయి... రాయి... బురద... రాయి...

వేళ్ళు.

ఆమె చేతిని వేళ్ళు పట్టుకున్నాయి. బతికున్న పట్టు అది. ఎబిల్ నోటిగొట్టం కొరికిపట్టి ఏడ్చింది. వచ్చాను, వచ్చేశాను, పద. ఆ చేతిని లాక్కుంటూ వెనక్కి తిరిగింది. తాడుని తన వైపు లాగి బిగువు చూసుకుంది.

తాడు వదులుగా వచ్చింది.

ఇంకొంచెం లాగింది. ఇంకొంచెం వచ్చింది. లాగేకొద్దీ వస్తోంది... మలుపుల దగ్గర బిగించిన చుట్లన్నీ జారి, మెత్తగా, ఏ బరువూ లేకుండా వచ్చి ఒళ్ళో పడుతోంది. చివరికి కొస చేతికి తగిలింది. తెగిన కొస కాదు. బయటి రాయికి సబురో కట్టిన ముడి శుభ్రంగా విప్పి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి దిగేటప్పుడు గవ్వ తగిలించలేదు. గవ్వ లేదంటే లోపల ఎవరూ లేనట్టే, పడవలో ఉన్నవాడు తాడు విప్పొచ్చు, పడవ కదలొచ్చు.

పైన ఎక్కడో మోటారు మోత మొదలైంది. కాసేపు రాళ్ళలో మోగి, సన్నబడి, పోయింది.

ఎబిల్ కదల్లేదు. కదిలితే ఏ వైపు ఏమిటో తెలీదు. ఒక్కటే ధైర్యం, చేతిలో ఉన్న చెయ్యి. ముందు అతనికి గాలివ్వాలి. రెండో గొట్టం తీసి, ఆ చేతి వెంటే పైకి తడుముతూ, ముఖం ఉండాల్సిన చోటికి అందించింది.

ఎవరూ అందుకోలేదు.

ఊపిరి బిగబట్టి విన్నది. బుడగల చప్పుడు లేదు. తన ఊపిరి ఆగితే, అంత గుహలోనూ ఇంకెవరి ఊపిరీ లేదు.

చేతిని మెల్లగా వెనక్కి తీసుకోబోయింది.

ఆ వేళ్ళు ఇంకొంచెం బిగుసుకున్నాయి.