నాలుగో షెడ్డు ఊపిరి

పొద్దుపోయాక, తప్పని పనుంటే తప్ప, నాలుగో షెడ్డులో ఎవరూ అడుగుపెట్టరు. రెండేళ్ల కిందట ఒక గౌజింగ్ మేస్త్రీ అక్కడే, ఇనుప డ్రమ్ము లోపల కాలిపోయాడు. అతను లోపలున్నాడో లేదో చూసుకోకుండా బయటివాళ్లు యంత్రం నడిపేశారు. అప్పట్నుంచీ ఆ యంత్రం తనంతట తానే ఆగిపోతుందంటారు. డ్రమ్ములో ఎవరో ఊపిరి తీస్తారని కూడా...

నేను చూడలేదు. మా చిన్నాన్న చెప్పిందే చెబుతున్నాను. కోతలు కోయడంలో ఆయన తక్కువవాడేం కాదు గానీ, ఇది చెప్పేటప్పుడు మాత్రం ఒక్క కోతా కోయలేదు.

చిన్నాన్నది గౌజింగ్ పని. వెల్డింగు అతుకు చెడితే, కార్బన్ కడ్డీ మంటతో ఆ ఇనుమును కరిగించి, గాలితో ఊదేస్తారు. ఇప్పుడు కడ్డీని మనిషి పట్టుకోనక్కర్లేదు, పట్టాల మీద చిన్న బండి లాక్కుపోతుంది. మనిషి బయట నిలబడి బటను నొక్కితే చాలు. బండికి ముందు మాత్రం ముప్ఫై అడుగుల దాకా నిప్పుల వాన. ఆ మోతకి చెవులు చిల్లులు పడతాయి కాబట్టి అందరూ ఇళ్లకెళ్లాకే ఆ పని.

ఆ రోజు మనిషి దూరేంత వెడల్పు, పాతిక అడుగుల పొడవు డ్రమ్ము; దాని లోపలి అతుకు తీయాలి. చిన్నాన్న అన్నీ సర్దుకున్నాడు. నూనెగుడ్డలు ఏరేశాడు, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకున్నాడు, పొగ లాగే ఫ్యాను వేశాడు. చేతులకు పొడి తొడుగులు, కళ్లకు నల్లద్దం, చెవులకు మూతలు. ఒక్కటే మిగిలింది — డ్రమ్ము అవతలి మూతి దాకా నడిచి, టార్చి వేసి లోపల చూడటం. గాలి గొట్టం అటునుంచే లోపలికి వస్తుంది.

ఆ మేస్త్రీ శవం దొరికింది కూడా, అప్పటి డ్రమ్ముకి ఆ కొసనే. చిన్నాన్నకి అటు కాళ్లు రాలేదు. ఇప్పుడు లోపల ఎవరుంటార్లే అనుకున్నాడు.

బటను నొక్కాడు. గాలి బుస్సుమంది... అంతలోనే గాలి మీటరు ముల్లు జారిపోయింది. ఎర్ర లైటు వెలిగింది. గాలి చాలకపోతే మంట పుట్టకుండా ఆపే స్విచ్చి ఒకటుంది, అది ఆపేసింది.

ముల్లు మెల్లగా పైకి లేచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ పడింది.

లేవడం... పడటం... లేవడం...

మూడోసారికి భయం కాస్తా కోపమైంది. తెల్లారేసరికి ఆ అతుకు తీయకపోతే మేనేజరు తోలు తీస్తాడు. "నీకు దండం పెడతా, పక్కకి జరుగు" అని చీకట్లోకి గొణిగి, జేబులోంచి తీగముక్క తీశాడు. ఆ స్విచ్చిని తీగతో కలిపేస్తే యంత్రం ఇక దేనికీ ఆగదు.

పెట్టె తెరవాలి కదా, మెయిన్ ఆపాడు. ఆ ఒక్క బుద్ధి మాత్రం ఉంది ఆయనకి. చెవిమూతలు తీశాడు. ఫ్యాను కూడా తిరిగి తిరిగి ఆగింది.

అప్పుడు వినబడింది — డ్రమ్ము లోపలినుంచి, నిదానంగా, బరువుగా... ఊపిరి.

చిన్నాన్నకి పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామంటే, ఇటు తలుపుకి పొద్దుపోయాక బయటనుంచి తాళం వేస్తారు, తెరిచుండే గుమ్మం అటువైపే. దేవుణ్ణి తలుచుకుంటూ గోడకి ఆనుకుని నడిచాడు. అవతలి మూతి దగ్గరికొచ్చి, కళ్లు సగం మూసుకుని టార్చి వేశాడు.

రెండు కాళ్లు. పాదాలు వెనక్కి తిరిగి లేవు.

గాలి గొట్టాన్ని మడతపెట్టి, తలకింద దిండు చేసుకుని, చెవుల్లో దూది కుక్కుకుని ఒక మనిషి గురకపెడుతున్నాడు. మడతలో గాలి ఆగిపోతోంది. తీగ కలిపాక ఆ తల జానెడు పక్కకి జరిగితే చాలు, గాలి నిండుగా వచ్చి, నిప్పంతా ఆ ముఖం మీదకే.

కుదిపి లేపాడు. ముఖం వెలుగులోకి తిరిగింది. సొంత అల్లుడు... అక్కడే పగటి షిఫ్టు ఫిట్టరు. ఇంట్లో నెల బిడ్డ, ఎప్పుడు చూసినా ఏడుపే. కంటిమీద కునుకుండదు.

చిన్నాన్న తీగముక్క ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

అల్లుడు సిగ్గుగా నవ్వాడు. "ఎవరికీ చెప్పకండి మామయ్యా... నేనొక్కణ్ణే కాదు. రెండేళ్లుగా ఫిట్టర్లమంతా వంతులేసుకుని ఇక్కడే పడుకుంటున్నాం. దెయ్యముందని లోపలికి తొంగిచూసేవాడే లేడుగా!"