దిష్టిచుక్క వాటా

పొద్దుటి నుంచి బొమ్మలు తూచీ తూచీ హైమవతికి కళ్ళు లాగుతున్నాయి. పలక మీదికి ఒక బొమ్మ వస్తుంది. దాని గీతలన్నీ విడివడి రెండు రంగుల్లోకి సర్దుకుంటాయి. మనిషి చెయ్యి గీసినవి నీలం, పనిముట్టు గీసినవి కావి. నీలం ఎక్కువైతే బొమ్మ మనిషిది. కావి సగం దాటిందా, బొమ్మ ఆ పనిముట్టు అమ్మిన కంపెనీది. తూచేది యంత్రమే. హైమవతి చెయ్యాల్సిందల్లా కింద బొటనవేలు ఆనించడం. ఆ వేలి కోసమే కర్తృత్వ నిర్ణయ కేంద్రం కాకినాడ శాఖలో ఆమెకో కుర్చీ వేశారు, ఓ ఫ్యాను కూడా ఇచ్చారు. అది దాని ఇష్టమొచ్చినప్పుడు తిరుగుతుంది.

ఏనుగు మీద పెళ్ళికొడుకు, నీలం. వేలు. పనసకాయల బండి, కావి. వేలు. ఆ తర్వాతి బొమ్మకు వేలు ఆనించబోతుంటే తలుపు చప్పుడైంది.

ఇక్కడికి మనుషులు రారు. బొమ్మలు వస్తాయి, తీర్పులు వెళతాయి. అలాంటిది గుమ్మంలో ఒక పెద్దావిడ చేతిసంచితో నిలబడి ఉంది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట.

"అమ్మగారూ, ఉయ్యాల బొమ్మ నాదేనండి. నా పేరు నూకరత్నం. తీర్పు ఇవాళని కబురొచ్చింది. ఇచ్చేశారేంటండీ?"

"ఇంకా లేదమ్మా. లోపలికొచ్చి కూర్చోండి. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

ఆవిడ నీళ్ళు తాగుతుంటే హైమవతి పలక వైపు చూసింది. ఉయ్యాల్లో పసిపాప. ఒక కాలు ముడుచుకుని, పిడికిలి నోటికి ఆనించుకుని, నిద్రపోవాలా వద్దా అని ఆలోచిస్తోంది. అబ్బ, ఎంత బాగుంది! ఎత్తుకోవాలనిపించింది హైమవతికి. కానీ బొమ్మ నిండా కావి రంగే. పాప కింది పొత్తిగుడ్డ మీద చుక్కలు, ఉయ్యాల తాళ్ళ మీద చుక్కలు, వెనక గోడ మీదా చుక్కలే. ఇంచుమించు అన్నీ పనిముట్టు పెట్టినవే.

"మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు అచ్చం ఇలాగే పడుకునేదండి," అంది నూకరత్నం. "అప్పట్నించీ ఈ పాపని గీద్దామని చూస్తన్నాను. కుదిరితేనా! ఇన్నాళ్ళకి కుదిరే వేళకి చెయ్యి వణుకు పట్టుకుంది. ఈ రేఖామిత్ర పనిముట్టు సాయం పడితేగానీ గీత నిలబడదండి. ఇప్పుడా పిల్లకే పిల్ల పుట్టింది. ఆదివారం బారసాల. ఉయ్యాలకి కట్టే గుడ్డ మీద ఈ బొమ్మ అచ్చు వేయించాలి."

కావి అని తేలిన రూపాన్ని ఆ క్షణం నుంచి కంపెనీ కలం తప్ప ఇంకే కలమూ గీయదు. గీసిన మనిషి కలం కూడా మధ్యలో ఆగిపోతుంది. దాన్ని కలంబంధం అంటారు. అచ్చు యంత్రాలూ దానికి లోబడినవే. అంటే ఆదివారం ఉయ్యాలకు ఉత్త గుడ్డే. ఆ తర్వాత ఈవిడ ఎన్నాళ్ళు బతికినా తన కూతురి ముఖం తన చేత్తో గీయలేదు.

"అమ్మా, ఇన్ని చుక్కలు ఎందుకు పెట్టనిచ్చారు? వాటి మూలానే సగం దాటింది."

నూకరత్నం ముఖం వెలిగింది. "అదా! దాన్ని మాయ చేశానండి."

హైమవతి గీతజాడను వెనక్కి తిప్పింది. బొమ్మ మొదటి నుంచి తనను తాను గీసుకుంటూ వచ్చింది. పాప పూర్తికాగానే బుగ్గ మీద ఒక నల్లచుక్క పడింది. వెంటనే రేఖామిత్ర గొంతు: "మరక కనిపించింది. తొలగించాను." చుక్క మళ్ళీ పడింది. మళ్ళీ పోయింది. అరికాల్లో పెట్టి చూసింది ఆవిడ. "మరక కనిపించింది." చెవి వెనక పెట్టింది. అదీ పోయింది. ఇక లాభం లేదని పొత్తిగుడ్డ మీద ఒక మూల పెట్టింది. రేఖామిత్ర ఈసారి చెరపలేదు. దాన్ని గుడ్డ మీది పూత అనుకుంది కాబోలు, పక్కన ఇంకొకటి పెట్టింది, దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగా గుడ్డ నిండి గోడ మీదికి పాకాయి. ఆ సందట్లో నూకరత్నం చల్లగా పాప బుగ్గ మీద తన చుక్క పెట్టేసింది. అన్నిట్లో అదొకటి అనుకుని రేఖామిత్ర ఊరుకుంది.

హైమవతి ఫక్కున నవ్వింది.

"మరేం చేయమంటారండీ?" నూకరత్నం కూడా నవ్వేసింది. "పిల్ల ముద్దుగా వచ్చింది. చుక్క లేకపోతే దిష్టి తగలదూ?"

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గోడకున్న గొట్టంలోంచి శాఖాధికారి జాన్ విక్టర్ గారి గొంతు వచ్చింది. "హైమా, ఆ ఉయ్యాల బొమ్మ ఇంకా కదల్లేదేంటమ్మా? కావే కదా! వేలు పెట్టెయ్, అయిపోతుంది."

"పెడుతున్నాను సార్."

నూకరత్నానికి అర్థమైంది. సంచి ఒళ్ళోకి లాక్కుని, "పోతుందాండీ?" అని మెల్లగా అడిగింది. హైమవతి వేలు పలకకు అంగుళం దూరంలో ఆగి ఉంది.

నియమావళి మొదట్లోనే ఒక అధికారం రాసి ఉంది. దాని పేరు కారణప్రశ్న. ఈ గీత ఎందుకు గీశావని మనిషినీ, పనిముట్టునూ అడగవచ్చు. కారణం ఎవరిదైతే గీత వాళ్ళది. శిక్షణలో అందరూ చదివారు, ఉద్యోగంలో చేరాక ఎవరూ దాని జోలికి పోలేదు. ఒక్క బొమ్మకు అడిగితే అదే కొలత పాత తీర్పులన్నిటికీ వర్తిస్తుంది మరి. కొంప మునుగుతుందని పైవాళ్ళకూ తెలుసు, కిందవాళ్ళకూ తెలుసు. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంది హైమవతి. ఉయ్యాల్లో పాప ఇంకా నిద్రపోలేదు. ఆమె వేలు వెనక్కి తీసుకుని, కూర్చున్న కుర్చీని ముందుకు జరుపుకుంది.

"రేఖామిత్రా, కారణప్రశ్న. గోడ మీద ఈ చుక్క ఎందుకు పెట్టావు?"

"పక్కన చుక్క ఉంది కాబట్టి."

"ఆ పక్కది?"

"దాని పక్కన చుక్క ఉంది కాబట్టి."

"గుడ్డ మీద మొట్టమొదటిది?"

"అది నాది కాదు. ఎందుకు పెట్టారో నాకు తెలియదు. అలాంటివి అంతకుముందు కొన్ని తుడిచాను."

"మరి పాప ఒంటి గీతలు? వణుకు సరిచేసినవి?"

"ఆవిడ చెయ్యి ఎటు వెళ్ళాలనుకుందో అటు తీసుకెళ్ళాను."

పాపం, అది ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇన్నేళ్ళుగా దాన్ని అడిగినవాళ్ళే లేరు.

"కారణం నూకరత్నం గారిది," అంది గట్టిగా. "గీతలన్నీ ఆవిడవే." అని బొటనవేలు ఆనించింది.

పలక మీద బొమ్మ అంతా నీలమైంది. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ వెంటనే పలక మీద పనసకాయల బండి తిరిగి వచ్చింది, కింద కారణం అడగమని రాసి ఉంది. దాని వెనక ఇంకో బొమ్మ, దాని వెనక ఇంకోటి. పక్కగదుల్లో పలకలన్నీ మోగడం మొదలుపెట్టాయి. ఎవరో "అయ్యబాబోయ్, పోయినేడాది బొమ్మలన్నీ వెనక్కొచ్చేస్తున్నాయి!" అని అరిచారు. ఎక్కడెక్కడో ఆగిపోయిన కలాలు మళ్ళీ కదులుతుంటాయని హైమవతికి తోచింది.

ఎదురుగా ఉన్న ఫోను తెర మోగింది. జాన్ విక్టర్ గారి పేరు, దాని కింద కంపెనీ పేరు.

"ఎత్తకండి, ఆగండాగండి," అంటూ నూకరత్నం కళ్ళు తుడుచుకుని సంచిలోంచి కాటుక భరిణె తీసింది. మనవరాలి కోసం ఆముదం దీపం మీద పట్టిన కాటుక. "ఊరందరి కళ్ళూ ఇప్పుడు నీ మీదే పడతాయి తల్లీ. ఇటు తిరుగు." హైమవతి చిన్నపిల్లలా తిరిగింది. చెంప మీద ఆ వేలు వణుకుతూనే వచ్చింది. చుక్క కాస్త పెద్దదే పడింది. "చెరపమాకేం."

తెర ఇంకా మోగుతూనే ఉంది. అదీ రేఖామిత్రే నడిపే తెర. ముఖాల మీది మచ్చలన్నీ మాటామంతీ లేకుండా తుడిచేసి అవతలివాళ్ళకు చూపించడం దాని అలవాటు.

"మీ చెంప మీద నల్లచుక్క ఉంది," అంది రేఖామిత్ర. ఒక్క క్షణం ఆగింది. "తొలగించనా? ఉంచనా?"

"ఉండనీ," అని హైమవతి ఫోను ఎత్తింది.