ఫోన్‌కు నేర్పని చప్పుడు

టైలరమ్మకు ఇరవయ్యో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. పెదాలు చూసి మాట పట్టేయడంలో ఆవిడ దిట్ట. ముందు గదిలో కుట్టు మిషన్, వెనక గదిలో ఐదు నెలల పాప ఉయ్యాల. పాప గుక్కపట్టి ఏడ్చినా తనకు తెలియదే అన్న దిగులు ఆవిణ్ణి తినేసేది.

అందుకే ఆదివారం ఫోన్‌కు కొత్త అప్‌డేట్ రాగానే పోస్టుమాన్ మొగుడు ఎగిరి గంతేశాడు. ఇంట్లో చప్పుళ్లు ఇక ఫోనే వింటుందట. ఒక్కో చప్పుడూ ఐదుసార్లు వినిపించి పేరు పెడితే చాలు. ఫోన్ ఉయ్యాల పక్క అలమరలో ఉంటుంది, ఆవిడ మణికట్టు మీది వాచీ అదిరి ఆ పేరు చూపిస్తుంది. మూడు నేర్పారు. పాప ఏడుపు, వీధి తలుపు, కుళాయి.

"కుళాయి దేనికండీ?"

"కట్టెయ్యడం మర్చిపోయి ఇల్లు చెరువు చేస్తావుగా!"

ఆవిడ మూతి ముడిచింది. అయినా ఆ నాలుగు రోజులూ నిశ్చింతగా కుట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం మబ్బు పట్టి గదిలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. తడి గుడ్డల వాసన. పాదాల కింద మిషన్ సన్నగా వణుకుతోంది. వాచీ అదిరింది.

"పాప ఏడుపు."

జాకెట్టు పక్కన పెట్టి లేవబోయింది. మళ్లీ అదిరింది. కింద ఇంకో పేరు.

"అమ్మ."

ఆవిడ రెండుసార్లు చదువుకుంది. ఆ పేరుతో ఏ చప్పుడూ నేర్పలేదే... అమ్మ తనే కదా. తనిక్కడే ఉంది కదా.

"పాప ఏడుపు" అన్న అక్షరాలు మాయమయ్యాయి. అంటే ఏడుపు ఆగిపోయింది.

పరుగున వెనక గదిలోకి వెళ్లింది. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. పెరటి తలుపు గడియ వేసే ఉంది. మంచం కింద చూసింది... ఎవరూ లేరు. పాప బోసినోటితో నవ్వుతోంది. బుగ్గ మీద మిషన్ నూనె మరక, ఇంకా తడిగా. ఆవిడ తన చేతులు చూసుకుంది. వారం రోజులుగా మిషన్‌కు నూనె వెయ్యనేలేదు.

పాపను గుండెకు హత్తుకుని, ఫోన్ లాక్కుని ముందు గదిలోకి వచ్చింది. వాచీ అదిరింది. ప్రాణం పోయినంత పనయింది.

"వీధి తలుపు."

మొగుడే. వానలో ముద్దయి వచ్చాడు. జరిగింది ఆవిడ గుసగుసగా చెప్పింది. అతను నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు. ఫోన్‌లో నేర్పిన చప్పుళ్ల జాబితా తీశాడు. మూడు కాదు, నాలుగున్నాయి. నాలుగోది "అమ్మ". ఐదు రికార్డింగులు. అన్నీ ఈ నాలుగు రోజుల మధ్యాహ్నాలవే.

ఒకటి నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత రెండోది. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏముందండీ?"

"నువ్వే. పాపను జోకొడుతున్నావు."

"నేను మిషన్ దగ్గరే ఉన్నానండీ! ఒట్టు!"

అతను పాపను ఆవిడ చేతుల్లోంచి తీసుకున్నాడు. తీసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. కట్టుకున్నవాడు తనను చూసి భయపడుతున్నాడని అర్థమై ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నేనేనండీ..."

"అయితే చెప్పు," అతని పెదాలు వణికాయి. "ఎవరూ లేనప్పుడు దీన్ని ఏమని పిలుస్తావు?"

ఆ ముద్దుపేరు తమ ఇద్దరికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆవిడ కళ్లు తుడుచుకుని ఊపిరి తీసుకుంది.

ఆవిడ ఇంకా నోరు తెరవలేదు. అతను ఏదో పిలుపు విన్నట్టు ఉలిక్కిపడి వెనక గది వైపు చూశాడు. అతని భుజం మీద పాప కూడా అటే తల తిప్పి, చేతులు చాపి, కిలకిలా నవ్వింది.