శౌరమ్మ పట్టుకున్న చెయ్యి

ఉదయం తొమ్మిదింపావు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద యేసుకుమార్ ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటుతున్నాడు.

"సార్, లొంగిపోతాను. లిస్టు కాపీ చేసిన మాట నిజమే. కానీ ఎవరికీ ఇవ్వలేదండి."

"ఎక్కడుంది? పెన్‌డ్రైవ్‌లోనా?" అవతల నుంచి అడిగాడు వెంకటకృష్ణారావు. తీరం వెంట విదేశీ ఏజెంట్ల కదలికలు కనిపెట్టే విభాగానికి అతనే చీఫ్. యేసుకుమార్ ఆ ఆఫీసులోనే కంప్యూటర్ టెక్నీషియన్.

"కాదండి. నా ఒంట్లో..."

రెడ్ సిగ్నల్ ఉండగానే కదిలిన టిప్పర్ అతన్ని డివైడర్‌కేసి కొట్టింది. ఆగలేదు. నంబర్ ప్లేటు మీద మందంగా బురద పూసి ఉంది.

మర్నాడు పొద్దున్న వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల గోడౌన్ పైనున్న గదిలో బ్రీఫింగ్. కుర్చీలు మూడు. ఒకదాంట్లో చీఫ్. ఎదురుగా ఏజెంట్ సిద్రా, ఏడేళ్ళ సర్వీసు. మూడో కుర్చీలో సింధూరి. బయటి ప్రపంచానికి ఆమె ఖరీదైన బొటిక్ యజమానురాలు. శత్రు ముఠాకి నమ్మకమైన మనిషి. మూడేళ్ళుగా ముఠా రహస్యాలు చీఫ్‌కి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె పెట్టుకున్న సెంటు వాసన గదిలో ఇనుము వాసనని మింగేసింది.

"అతని ముంజేతిలో బియ్యపు గింజంత చిప్ ఉంది," చెప్పింది సింధూరి. "దానికి వైర్‌లెస్ అక్కర్లేదు. మనిషి ఒళ్ళే వైరు. రిసీవర్ కట్టుకున్నవాడు వచ్చి చెయ్యి పట్టుకుంటే చాలు, డేటా చర్మంలోంచి చర్మంలోకి పోతుంది. గాల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి స్కానర్‌కి దొరకదు."

"చచ్చిపోయినా?" అడిగింది సిద్రా.

"ఒంట్లో తడి ఉన్నంతసేపూ. అందుకే చంపడానికి వాళ్ళు జంకలేదు. మీతో మాట్లాడకుండా నోరు మూయించారు. డేటా శవం దగ్గర తీసుకుంటారు. వచ్చేది మగవాడు. కుడిచెయ్యి పట్టుకుంటాడు."

"చిప్ ఇప్పుడే తీసేస్తే సరిపోతుంది కదా సార్?"

చీఫ్ తల అడ్డంగా ఊపాడు. "తీస్తే వాళ్ళు ఇంకొకణ్ణి కొంటారు. నాకు ఆ వచ్చే మనిషి కావాలి." చేతికి తొడుక్కునే నల్ల గాజొకటి తీసి బల్ల మీద పెట్టాడు. "మన ల్యాబ్‌ది. శవం మీద చెయ్యి వేసి కూర్చో. డేటా కదలడం మొదలైతే ఒకసారి వణుకుతుంది. సగమైతే రెండుసార్లు. అయిపోవచ్చే ముందు ఆగకుండా వణుకుతుంది. మొదటి వణుకుకే మనిషిని చూసుకుని బటన్ నొక్కు. పల్స్ వెళ్ళి చిప్‌ని కాల్చేస్తుంది. ముట్టుకున్నవాళ్ళకి చిన్న షాక్ తగులుతుంది, అంతే. 'కాస్త మంచినీళ్ళు' అను, మన టీమ్ లోపలికొస్తుంది."

"ఇద్దరు ముగ్గురు చేతులు కలిపి ఉంటే?"

సింధూరి నవ్వింది. "డేటా అంత దూరం పోదులే సిద్రా."

"లిస్టులో ఏముంది సార్?"

"నాగాయలంక నుంచి బందరు దాకా సముద్రం మీద కన్నేసి మనకి కబురు చెప్పే జాలర్ల పేర్లు. ముప్ఫై ఒక్కమంది. అది అవతలివాళ్ళకి చేరితే వారం తిరక్కుండా ముప్ఫై ఒక్క పడవలు ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొస్తాయి." చీఫ్ లేచాడు. "సింధూరి గారు కూడా వస్తారు, నీకు సపోర్టుగా."

మధ్యాహ్నం రెండున్నరకి భవానీపురంలో యేసుకుమార్ ఇంటిముందు షామియానా నిండిపోయింది. తెల్లచీర, చెవిలో ఇయర్‌పీస్, రవికె బొత్తంలో కెమెరా. సిద్రా ఇప్పుడు ఎలిజబెత్, ఆఫీసు క్లర్కు. శవపేటిక పక్కన చాప మీద కూర్చుని చనిపోయినవాడి పాదం మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, బరువుగా ఉంది.

తల్లి శౌరమ్మ కొడుకు ఎడమచేతిని పొద్దుటి నుంచి వదల్లేదట. ఫ్రీజర్ బాక్స్ తెస్తే ఒప్పుకోలేదట. "వాడికి చలి పడదు" అని వెనక్కి పంపేసిందట.

"పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండి అత్తయ్య," అంది రూతు, చనిపోయినవాడి భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఏమవుతుందోనని భయంగా ఉంది. పోయిన వేసవిలోనే గుండెకి పేస్‌మేకర్ వేశారు. ఎక్కణ్ణుంచి తెచ్చారో ఏమో, ఆయనే డబ్బంతా కట్టారు."

ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో సిద్రాకి తెలుసు. తల వంచుకుంది.

పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. జనం వరసగా వచ్చి వెళ్తున్నారు. కుడిచెయ్యి ముట్టుకున్న మగవాళ్ళని ఒక్కొక్కరినీ సిద్రా లెక్కపెట్టుకుంటోంది. పదకొండుమంది. గాజు కదల్లేదు.

మూడున్నరకి సింధూరి వచ్చింది. నగల్లేవు, లిప్‌స్టిక్ లేదు, ముతక నూలుచీర. సిద్రా వైపు చూడకుండా వెళ్ళి శౌరమ్మ పక్కన కూర్చుంది. ఆమెని భుజానికి ఆనించుకుని ఓదార్చింది.

"టైమైపోతోందమ్మా," అన్నారు పాస్టర్ గారు. "మూత వేద్దాం."

గాజు ఒకసారి వణికింది.

సిద్రా చప్పున కుడిచేతి వైపు చూసింది. గుండె మీద ఒంటరిగా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. శవాన్ని పట్టుకున్నది తను, శౌరమ్మ. ఇంకెవరూ లేరు.

మరి ఎవరు?

గాజు రెండుసార్లు వణికింది.

అప్పుడు చూసింది. శౌరమ్మ ఒక చెయ్యి కొడుకు చేతిలో ఉంది. రెండో చెయ్యి సింధూరి రెండు చేతుల మధ్య ఉంది. సింధూరి పెదవులు ప్రార్థిస్తున్నాయి. కళ్ళు మాత్రం తన స్మార్ట్ వాచ్ మీద ఉన్నాయి. డేటా కొడుకు నుంచి తల్లిలోకి, తల్లి నుంచి ఆమెలోకి పోతోంది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "కనిపించింది. నొక్కు."

"ముసలామెకి పేస్‌మేకర్ ఉంది సార్," గొణిగింది సిద్రా. "పల్స్ ఆమెలోంచే పోతుంది."

"ముప్ఫై ఒక్క ప్రాణాలు సిద్రా. నొక్కు."

ఆమె బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

సింధూరిని లాగేసినా, ముసలామె శవాన్ని పట్టుకున్నంతసేపూ పల్స్ ఆమెలోకీ పోతుంది. ఒక్క ఉదుటున లేచి శౌరమ్మ మణికట్టు పట్టుకుని లాగింది. రాలేదు. ఆ వేళ్ళు కొడుకు వేళ్ళ మధ్య బిగుసుకుపోయాయి.

"ఎవతివే నువ్వు? నా బిడ్డ చెయ్యి వదలను!" శౌరమ్మ కేకకి షామియానా అంతా తిరిగి చూసింది. ఎవరో సిద్రా జుట్టు పట్టుకుని వెనక్కి గుంజారు. ఆమె వదల్లేదు. చూపుడువేలు విడదీసింది. మధ్యవేలు. గాజు ఆగకుండా వణుకుతోంది. ఉంగరపు వేలు. చిటికెనవేలు పాములా చుట్టుకుని ఉంది. దాన్ని వెనక్కి వంచింది. ఎముక కటుక్కుమంది.

చెయ్యి ఊడివచ్చింది. గాజు ఆగింది.

సింధూరి వాచ్ మీద తొంభై ఎనిమిది శాతం. చివరి ముక్కలోనే లిస్టు తెరిచే తాళంచెవి. అది లేకపోతే మిగతాదంతా చెత్త. ఆ సంగతి సింధూరికి అందరికంటే బాగా తెలుసు. నటన మానేసి శవం మీదికి దూకింది. చల్లటి ఎడమచేతిని రెండు చేతులా ఒడిసిపట్టింది.

తొంభై తొమ్మిది.

సిద్రా శౌరమ్మని వదిలేసి శవం మణికట్టు పట్టుకుని బటన్ నొక్కింది.

భుజం దాకా తన చెయ్యి మొద్దుబారిపోయింది. సింధూరి చేతికున్న వాచ్ చిటపటమని పొగలు కక్కింది. రిసీవర్ కట్టుకున్న ఒంటికి ఆ షాక్ చిన్నదేమీ కాలేదు. ఆమె విరుచుకుని చాప మీద పడింది.

"కాస్త మంచినీళ్ళు," అంది సిద్రా.

శవపేటిక మోయడానికి వచ్చినట్టున్న నలుగురు సింధూరిని ఎత్తి బయట అంబులెన్సులో పడేశారు. "పాపం, దుఃఖం పట్టలేక మూర్ఛపోయింది," అన్నారు ఆడవాళ్ళు.

శౌరమ్మ లేచి సిద్రా చెంప మీద ఫెడేల్న కొట్టింది. రెండోసారీ కొట్టింది. సిద్రా మొహం తిప్పుకోలేదు. వాచిన ఆ చేతిని జాగ్రత్తగా పట్టుకుని మళ్ళీ కొడుకు అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు పట్టుకోండమ్మా. ఇంక ఎవరూ లాగరు."

"ఆ పిల్ల ఒక్కతే నా బాధ అర్థం చేసుకుంది," అంది శౌరమ్మ, అంబులెన్సు వెళ్ళిన దారి చూస్తూ. "నువ్వు ఆడదానివేనా?"

సిద్రా జనంలోంచి నడిచి వచ్చేసింది.

సాయంత్రం గోడౌన్ పైగదిలో చీఫ్ ఆమెకి కుర్చీ చూపించాడు.

"సింధూరికి స్పృహ వచ్చింది. నోరు విప్పుతోంది," అన్నాడు. "ఇంకో సంగతి. చావింట్లో తల్లి వేలు విరగ్గొట్టిన గుర్తుతెలియని ఆడమనిషి మీద బంధువులు పోలీస్ కంప్లైంట్ ఇచ్చారు."

"నిజమే కదా సార్."

"నా ఆర్డర్ కాదన్నందుకు నీకు మెమో కూడా ఇవ్వాలి." ఫ్లాస్కులోంచి టీ వంచి కప్పు ఆమె ముందుకి జరిపాడు. "కానీ మెమో ఇవ్వాలంటే నువ్వు అక్కడున్నావని ప్రభుత్వం ఒప్పుకోవాలి. కాబట్టి టీ తాగు."